మ్యాట్ అంచున కుర్చీ

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. కురుస్తుందనుకుంటే కురవలేదు, విడుస్తుందనుకుంటే విడవలేదు. తూర్పున ఒకచోట మబ్బు పలచబడి, సూర్యుడు కడిగి బోర్లించిన పళ్ళెంలా తెల్లగా, వేడి లేకుండా కాసేపు కనబడి మళ్ళీ ముసుగు కప్పుకున్నాడు. ఆటగాళ్ళ వసతి భవనం మెట్ల మీద నిలబడి వెల్డరు తల ఎత్తి చూశాడు. సూర్యుడు ఉండాల్సిన చోట ఒక బూడిదరంగు మచ్చ. చూపు పక్కనున్న మేడ మీదికి తిప్పాడు. మచ్చ కూడా మేడ మీదికి వచ్చి అక్కడి కిటికీ ఒకదాన్ని మింగేసింది. మబ్బు కాదు. ఆ సంగతి అతనికి చూడకముందే తెలుసు. అయినా రోజూ పొద్దున్నే ఒకసారి చూసుకుంటాడు, ఇవాళైనా పోయిందేమోనని.

జట్టులో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గేట్లు, కిటికీ చట్రాలు, మెట్లకి కమ్మీలు అతికించి బతికిన మనిషి కనక అందరికీ వెల్డరే. వయసులో ఉండగా ఫ్రీస్టైల్ కుస్తీ పట్టాడు. గొప్ప పేరు రాలేదు, చెడ్డ పేరూ రాలేదు. తండ్రి పోయాక షెడ్డులో ఇనప సామాను ఒక మూలకి జరిపి, పాత పరుపులు పరిచి, తమ్ముణ్ణి వాటి మీదికి దించాడు. ఆ తమ్ముడే ఇప్పుడు ఖండం మొత్తం మీద జరిగే కుస్తీ పోటీల్లో, గ్రీకో-రోమన్ విభాగంలో, కాంస్య పతకానికి ఒక్క మెట్టు కింద ఉన్నాడు. పొద్దుటి కుస్తీ గెలిస్తే సాయంత్రం పతకం కుస్తీ.

తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు. బరువు తూచే దాకా నీళ్ళు తాగకూడదు. పెదాలు పొట్టు లేచి ఉన్నాయి.

"నిద్ర పట్టిందా?" అన్నాడు వెల్డరు.

"పట్టింది. కలలో భోజనానికి కూచున్నా."

"తిన్నావా మరి?"

"పళ్ళెం పెట్టారు. నువ్వొచ్చి లేపావు."

వెల్డరు నవ్వలేదు గాని, తమ్ముడి సంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. ఇద్దరూ ఖాళీ వీధి వెంట నడిచారు. పాల బండి ఒకటి ఎదురొచ్చింది. తడి రోడ్డు మీద దాని టైర్ల చప్పుడు దూరం దాకా వినిపించింది.

తూకం గదిలో మల్లయోధులు చలిలో కోళ్ళలా ముడుచుకుని వరసలో నిలబడ్డారు. ఒకతను రెండు చేతులతో గోడ పట్టుకుని ఊపిరి పీలుస్తున్నాడు. అధికారులు గోళ్ళు చూస్తున్నారు, చర్మం మీద పుళ్ళేమన్నా ఉన్నాయేమో చూస్తున్నారు. తమ్ముడు కాటా ఎక్కాడు. ఎర్రటి అంకెలు వెలిగాయి. వెల్డరు అంకెల వంక చూడలేదు, చూసినా అక్కడ మసకే ఉంటుంది. తమ్ముడి భుజాల వంక చూశాడు. బిగిసి ఉన్న భుజాలు ఒక్కసారి దిగాయి. బరువు సరిపోయింది. వెల్డరు నీళ్ళ సీసా మూత తీసి పట్టుకున్నాడు. అంకె చదివినవాడికంటే ముందే మూత తీశాడని ఎవరూ గమనించలేదు.

గమనించలేదనే అతను అనుకున్నాడు.

సంగతేమిటంటే, వెల్డింగు చేసేవాళ్ళకి ఒక పాడలవాటు ఉంది. పెద్ద అతుకైతే నల్లద్దాల ముసుగు వేసుకుంటారు. ఒక్క చుక్క అంటించాలంటే మాత్రం, దానికోసం ముసుగు దించడమెందుకని కళ్ళు చికిలించి అంటించేస్తారు. అలా ఒక్కొక్క చుక్కే, ఇన్నేళ్ళు. చివరికి కంటి డాక్టరు దీపం వేసి చూసి, కంటి వెనక పొర నడిమధ్యన కాలిపోయింది, చుట్టూతా కనిపిస్తుంది గాని దేనివంక సూటిగా చూస్తే అదే కనిపించదు అన్నాడు. కుడి కన్ను ముందు పోయింది, ఎడమది దాని వెనకే నడుస్తోంది. మనిషి మొహం వంక చూస్తే చెవులు, జుట్టు ఉంటాయి, ముక్కూ నోరూ ఉండవు. అప్పటినుంచీ షెడ్డులో వెల్డింగు రాడ్డు బావమరిది చేతికి పోయింది. వెల్డరుకి కమ్మీలు కోయడం, నూరడం మిగిలాయి. వెల్డింగు చెయ్యని వెల్డరు.

ఇంటి దగ్గర ఆ సంగతి పెళ్ళానికి తెలుసు, బావమరిదికి తెలుసు. తమ్ముడు ఏడాదిలో సగం శిక్షణ శిబిరంలోనే ఉంటాడు కనక వాడికి చెప్పనివ్వలేదు. జట్టులో అసలు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. మ్యాట్ అంచున, మల్లయోధుడి మూలన ఒక కుర్చీ ఉంటుంది. అందులో కూర్చునే కోచ్‌కి కళ్ళే పెట్టుబడి. ఈ పోటీలు ముగిశాక వచ్చే ఏడాదికి ఎవరి మూలన ఎవరు కూర్చోవాలో జట్టు పెద్దకోచ్ ఖాయం చేస్తాడు. కళ్ళ సంగతి బయటపడ్డ రోజున ఆ కుర్చీ పోతుంది. రాడ్డు ఎలాగూ పోయింది. ఆ కుర్చీ కూడా పోతే తను ఎవడని అడిగితే చెప్పుకోవడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు.

అందుకని చెవులతో నెట్టుకొస్తున్నాడు. మ్యాట్ మీద పాదం జరిగే చప్పుడు, బరువు ఏ కాలి మీద ఉందో చెబుతుంది. ఊపిరి చప్పుడు పట్టు బిగిసిందో సడలిందో చెబుతుంది. చూపు అవతలి మూలన పెడితే ఇద్దరి వీపులు కంటి అంచులో కనిపిస్తాయి. అది చాలనే అనుకున్నాడు. కొన్నాళ్ళు చాలింది కూడా.

తూకం అయ్యాక తమ్ముడు మెట్ల మీద కూర్చుని నీళ్ళు చప్పరిస్తుండగా ఇంటి నుంచి ఫోనొచ్చింది. వెల్డరు పెళ్ళాం. మందు చుక్కలు వేసుకున్నారా అని అడిగింది. ఊఁ అన్నాడు. ఊఁ అంటే వేసుకున్నట్టా, విన్నట్టా అంది. తమ్ముడు పక్కనే ఉన్నాడు కనక వెల్డరు ఫోను వాడి చేతిలో పెట్టేశాడు. ఫోన్లోంచి ఆమె గొంతు బయటికే వినపడుతోంది.

"ఏం బాబూ, ఇవాళెవరు నీకు?"

"పొద్దుటిది గెలిస్తే సాయంత్రం ఒకడున్నాడు వదినా. మనిషి కాదు, రెండు రెక్కల గేటు."

"గేటైతే మీ అన్నకి చెప్పు, కీలు ఎక్కడుందో చూసి పీకుతాడు. పతకం తెస్తే గోడకి మేకు మాత్రం నేనే కొడతా. మీ అన్న చేతికి సుత్తి ఇవ్వను."

తమ్ముడు నవ్వబోయి అన్న వంక చూసి, ఆ నవ్వు సగంలోనే ఆపేశాడు. వెల్డరుకి వాడి నవ్వు ఆగడం వినిపించింది. ఎందుకాగిందో ఆలోచించలేదు. అప్పటినుంచి ఆ అవతలి దేశపువాడికి గేటు అనే పేరు స్థిరపడిపోయింది.

పొద్దుటి కుస్తీ తేలిగ్గానే ముగిసింది. తమ్ముడు ప్రత్యర్థి నడుం చుట్టూ చేతులు బిగించి, మొదట ఒకసారి, తర్వాత ఇంకోసారి దొర్లించాడు. ఆ రెండో దొర్లుడుకి అవతలివాడు నీరుకారిపోయాడు. వెల్డరు కుర్చీలో కదలకుండా కూర్చుని, ఊపిరి చప్పుడు విని "బిగించు", "ఆగు", "ఇప్పుడు" అని మూడు మాటలే వాడాడు. మూడూ సరిగ్గా పడ్డాయి. లేచి వస్తుంటే అతనికి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి.

మధ్యాహ్నం పెద్దకోచ్ అతణ్ణి పక్కకి పిలిచాడు. పెద్దకోచ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకప్పుడు విరిగి, వంకరగా అతుక్కున్న చెవులు అతనివి. నిన్న రాత్రి గేటు కుస్తీల వీడియో వేసినప్పుడు తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నావేం అని అడిగాడు. కీలు వెతుక్కునే అలవాటండీ అన్నాడు వెల్డరు. పెద్దకోచ్ నవ్వలేదు. సాయంత్రం మూలన నేను కూర్చోనా అన్నాడు. వాడికి నా గొంతు అలవాటు అన్నాడు వెల్డరు.

"సరే, కూర్చో," అన్నాడు పెద్దకోచ్. "స్పాంజి మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని విసురు."

ఆ స్పాంజి సంగతి చెప్పాలి. కోచ్ దగ్గర అరచేతిలో ఇమిడే స్పాంజి దిమ్మ ఒకటి ఉంటుంది. రిఫరీలు తప్పు తీర్పు ఇచ్చారనిపిస్తే దాన్ని మ్యాట్ మీదికి విసరాలి. అప్పుడు కుస్తీ ఆపి వీడియో చూస్తారు. కోచ్ మాట నిజమైతే తీర్పు మారుతుంది. కాకపోతే అవతలివాడికి ఒక పాయింటు అదనంగా పోతుంది, మళ్ళీ విసిరే హక్కూ ఉండదు. నిబంధనల్లో ఇంకొకటి కూడా ఉంది. కోచ్ విసిరినా, మల్లయోధుడు ఒప్పుకోకపోతే ఆ దిమ్మ తీసి కోచ్ చేతికి తిరిగి ఇచ్చేయవచ్చు. అప్పుడు వీడియో చూడరు, కుస్తీ మామూలుగా సాగుతుంది. అయితే ఆ పని ఎవరూ చెయ్యరు. వేల మంది చూస్తుండగా, నిన్ను మ్యాట్ ఎక్కించిన మనిషి మొహాన నువ్వు చూసింది తప్పు అని చెప్పడమే అది.

సాయంత్రానికి హాలు నిండింది. మూడు మ్యాట్లలో రెండు తీసేసి నడుమ ఒక్కటే ఉంచారు. పైనుంచి దీపాలు దాని మీదే పడుతున్నాయి. మ్యాట్ మీద ఒకావిడ గుడ్డ కట్టిన కర్రతో చెమట తుడిచి వెళ్ళింది. వెల్డరు కుర్చీలో కూర్చుని పక్కన నీళ్ళ సీసా, తువ్వాలు సర్దుకున్నాడు. దిమ్మ ఒళ్ళో పెట్టుకున్నాడు. తమ్ముడు నీలం, గేటు ఎరుపు.

గేటు నిజంగా గేటే. మెడ ఎక్కడ ఆగుతుందో, భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి. మొదటి సగంలో ఇద్దరూ తలా తలా ఆనించి, కాడి కింద ఎద్దుల్లా తోసుకున్నారు. గేటు పట్టుకి రాకుండా తప్పుకుంటున్నాడని రిఫరీ తమ్ముడికి ఒక పాయింటు ఇచ్చి, గేటుని బోర్లా పడుకోబెట్టాడు. తమ్ముడు పై నుంచి నడుం పట్టాడు. ఊపిరి ఒకటి లోపలికి పోయి ఆగింది. ఇప్పుడు, అన్నాడు వెల్డరు. తమ్ముడు దొర్లించాడు. ఇంకో రెండు పాయింట్లు.

రెండో సగంలో రిఫరీ అదే మాట తమ్ముడికి చెప్పాడు, గేటుకి ఒక పాయింటు ఇచ్చి తమ్ముణ్ణి బోర్లా పడుకోబెట్టాడు. గేటు వాణ్ణి లేపాలని చూశాడు. తమ్ముడు మ్యాట్‌కి బంకలా అంటుకుపోయాడు. మూడు, ఒకటి. వెల్డరు తువ్వాలుతో అరచేతులు తుడుచుకున్నాడు. వాడి ఊపిరి బాగుంది. పాదాలు నిబ్బరంగా పడుతున్నాయి. ఇంకాసేపు ఇలాగే నిలబడితే చాలు.

సమయం అయిపోవస్తుండగా గేటు ఒక్కసారి లోపలికి దూరాడు. రెండు చేతులూ తమ్ముడి ఛాతీ చుట్టూ వేసి, వేళ్ళు బిగించి, వెనక్కి వంగాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ హోరులో పాదాల చప్పుడు మునిగిపోయింది. వెల్డరు చెవులకి ఏమీ అందలేదు. కొన్నాళ్ళుగా చెయ్యని పని చేశాడప్పుడు. సూటిగా చూశాడు.

ఇద్దరూ ఉన్నారు. నడుం దాకా ఉన్నారు. ఆ కింద బూడిద.

ధబ్బుమని పడ్డారు. చూపు పక్కకి లాగేసరికి నీలం పైన ఉంది, ఎరుపు కింద ఉంది. విసరబోయినవాడే కింద పడ్డాడు. అయిపోయింది, పతకం మనదే.

రిఫరీ పాయింట్లు చూపించలేదు. పక్కనున్న జడ్జిలతో సైగలు సాగాయి. తర్వాత రిఫరీ తమ్ముడి మణికట్టు పట్టుకుని పైకెత్తి, తన కాలు తను తట్టి చూపించాడు. కాలితో మెలిక వేశావన్నమాట. తమ్ముడికి హెచ్చరిక. గేటుకి రెండు పాయింట్లు. మూడు, మూడు. సమానమే గాని, సమానమైనప్పుడు హెచ్చరిక ఉన్నవాడు ఓడినట్టు లెక్క.

గ్రీకో-రోమన్‌లో నడుం కింద మనిషి లేనట్టే. కాలు పట్టకూడదు, కాలితో అడ్డుకోకూడదు. ఫ్రీస్టైల్‌లో కాలే సగం కుస్తీ. తమ్ముడు మొదట అన్న దగ్గర నేర్చుకున్నది ఫ్రీస్టైలే. ఎవరైనా ఎత్తబోతే అవతలివాడి పిక్కకి నీ మడమ తగిలించు అని పసితనంలో నేర్పింది అన్నే. తర్వాత వాడి మోకాలు దెబ్బతిని, వంగి కాళ్ళ మీదికి దూకే కుస్తీ పనికిరాకుండా పోయింది. అప్పుడు గ్రీకో-రోమన్‌కి మార్చాడు. మార్చడమంటే చేతులకి కొత్తది నేర్పడం ఒక ఎత్తు, కాళ్ళ చేత పాతది మరిపించడం ఒక ఎత్తు. దానికి వెల్డరు తనే ఒక ఉపాయం కనిపెట్టాడు. తమ్ముడి రెండు చీలమండలకీ మధ్య నూలుతాడు కట్టి కుస్తీ పట్టించేవాడు. మామూలుగా అడుగు వేయడానికి తాడు అడ్డురాదు. మెలికకి కాలు లేచిందా, తాడు లాగి రెండో కాలు కూడా జారి ధడేలుమని పడతాడు. వాడు ఎన్నిసార్లు పడ్డాడో ఆ షెడ్డు నేలకే తెలియాలి. చివరికి కాలు లేవడం మానేసింది. తాడు తీసేశాడు. ఆ తర్వాత కాలు లేవడం అతను ఒక్కసారి కూడా చూడలేదు.

అందుకే ఇప్పుడు వెల్డరుకి రక్తం మరిగింది. కాలు ఎక్కడ వేశాడు వీడు? కాలు ఎప్పుడో మరిచిపోయింది. నేనే మరిపించాను. నా తమ్ముడి కాలి సంగతి నాకు తెలియదా? చెయ్యి దానంతటదే లేచింది. దిమ్మ గాలిలోకి వెళ్ళి మ్యాట్ మీద ఒకసారి ఎగిరి, తమ్ముడి పాదాల దగ్గర ఆగింది.

రిఫరీ కుస్తీ ఆపి తమ్ముడి వంక చూశాడు. ఒప్పుకుంటావా అన్నట్టు.

తమ్ముడు కదల్లేదు. ఛాతీ ఎగిసిపడుతోంది. తర్వాత వంగి దిమ్మ తీసుకుని మూలకి నడిచి వచ్చాడు. వెల్డరుకి వాడి చెవులు కనబడ్డాయి, తడిసిన జుట్టు కనబడింది. మొహం ఉండాల్సిన చోట మొహం లేదు.

"వేశానన్నా," అన్నాడు తమ్ముడు, మెల్లగా.

"ఏంటి వేసింది?"

"కాలు."

దిమ్మ అన్న చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసి, వెనక్కి తిరిగాడు. హాల్లో గుసగుసలు లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎందుకు కొడుతున్నారో తెలియనట్టు ఆపేశారు. తలకొట్టేసినట్టయింది వెల్డరుకి. అయితే ఆ అవమానం కింద ఇంకో సంగతి చల్లగా పాకుతోంది. వీడియో చూసి ఉంటే ఇంకో పాయింటు కూడా పోయేది. వాడు దాన్ని కాపాడుకున్నాడు. ఇంకా ఒక్క పాయింటు తెస్తే వాడిదే పతకం.

తమ్ముడు తేగలిగినంత తెచ్చాడు. తల ఆనించి, చంకల కింద చేతులు దూర్చి, గేటుని మ్యాట్ అంచుదాకా తోసుకుపోయాడు. అంచు దాటిస్తే ఒక పాయింటు. గేటు మడమ గీత మీద ఆగింది, గీత దాటలేదు. వెల్డరు నోరు తెరిచి ఏం చెప్పాలో తెలియక మూసుకున్నాడు. గంట మోగింది.

రిఫరీ ఎర్రవాడి చెయ్యి పైకెత్తాడు. ఆనవాయితీ ప్రకారం గేటు ఓడినవాడి కోచ్‌తో చెయ్యి కలపడానికి వచ్చాడు. వెల్డరు చెయ్యి పట్టుకుని, తన భాషలో ఏదో ఒక ముక్క అని, తమ్ముడి వైపు చూపించి, తల వంచి వెళ్ళాడు. గేటు అరచేయి వేడిగా, తడిగా ఉంది.

హాలు వెనక గదిలో చుట్టిన మ్యాట్లు గోడకి నిలబెట్టి ఉన్నాయి. తమ్ముడు నేల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతున్నాడు. జట్టు డాక్టరమ్మ వచ్చి వాడి కనుబొమ మీద చీలిక తుడిచి, పట్టీ వేసి, అందం పోయే దెబ్బ కాదులే అని నవ్వించబోయి, ఇద్దరి వాలకం చూసి వెళ్ళిపోయింది. వెల్డరు తమ్ముడి ఎదురుగా కాకుండా పక్కన, అదే గోడకి ఆనుకుని కూర్చున్నాడు.



"ఎప్పటినుంచి?" అన్నాడు వెల్డరు.

"ఏది?"

"కాలు."

తమ్ముడు ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. "తాడు తీసేసిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదలైందన్నా. ఎత్తబోతే చాలు, అదే లేస్తుంది. శిబిరంలో కూడా. నీ ముందు కూడా."

"నా ముందా?"

"పోయిన శీతాకాలం షెడ్డులో. మీ బావమరిదితో పడుతున్నా. మెలిక పడింది, వాడు పడ్డాడు. నువ్వు భలే అన్నావు."

వెల్డరుకి ఆ భలే గుర్తుంది. ధబ్బుమన్న చప్పుడు విని అన్న మాట అది.

"మరి చెప్పలేదేం రా?"

తమ్ముడు రెండో బూటు లేసు ముడి మీద వంగాడు. ముడి రావట్లేదు. "చెబితే నీకు కనబడట్లేదని చెప్పినట్టవుతుంది కదా," అన్నాడు.

వెల్డరు చెయ్యి చాచి ఆ కాలు తన ఒళ్ళోకి లాక్కున్నాడు. ముడి వేళ్ళతో తడిమి, గోటితో సడలించి విప్పాడు. బూటు తీసి మొదటిదాని పక్కన సమంగా పెట్టాడు. ఇన్నాళ్ళూ వీడి దగ్గర తను దాచాడు, తన దగ్గర వీడు దాచాడు. నడుమ ఆ కాలు దాని పని అది చేసుకుపోయింది. తాడు ఇంకో ఏడాది ఉండాల్సింది. చూసేవాడు ఉంటే ఉండేది.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. బరువైన అడుగులు, ఎడమది కాస్త ఈడుస్తూ. పెద్దకోచ్. లోపలికి వచ్చి నిలబడ్డాడు. కోపంగా ఏమీ లేడు, అలసిపోయి ఉన్నాడు. కాలు మెలిక పడటం హాలు అవతలి వైపున్న నాకు కనిపించింది, పక్కనే ఉన్న నువ్వెలా విసిరావు అని అడిగాడు.

తమ్ముడు అందుకున్నాడు. "అన్న తప్పేం లేదండీ. నేనే సైగ చేశా విసరమని. తర్వాత భయమేసి తిరిగిచ్చా."

వాడు చిన్నప్పటినుంచీ అబద్ధం సరిగ్గా ఆడలేడు. గొంతు ఒక మెట్టు పైకి పోతుంది. పెద్దకోచ్ ఆ అబద్ధాన్ని పుచ్చుకోవడానికి సిద్ధంగానే ఉన్నట్టున్నాడు. అవునా అన్నాడు, వెల్డరు వైపు తిరిగి. ఊఁ అంటే సరిపోయేది. వచ్చే ఏడాదికి కుర్చీ ఉండేది.

"వాడు సైగ చెయ్యలేదు," అన్నాడు వెల్డరు. "నాకు కనబడలేదు."

పెద్దకోచ్ తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ ఒక్కసారే కాదు. చాన్నాళ్ళయింది. సూటిగా చూస్తే ఏదీ కనబడదు. పోయిన చూపు ఇక రాదన్నాడు డాక్టరు." ఆగాడు. ఇంకేమైనా చెప్పాలా అని వెతుక్కున్నాడు. ఏమీ లేదు. ఇంత చిన్న మాటా ఇన్నాళ్ళూ తను మోసింది, అనిపించింది. దించాక కూడా తేలికేమీ అనిపించలేదు. భుజం మీద ఆ చోటు ఖాళీగా ఉందంతే.

పెద్దకోచ్ వచ్చి చుట్టిన మ్యాట్ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నమే అడుగుదామనుకున్నానన్నాడు. అడిగితే నువ్వు కాదంటావని అడగలేదన్నాడు. తర్వాత అడిగాడు.

"వీడి మూలన ఎవరిని కూర్చోబెట్టమంటావు?"

తమ్ముడు తల తిప్పేసుకున్నాడు. వెల్డరు వాడి అరికాలు ఇంకా తన ఒళ్ళోనే ఉందని అప్పుడు గమనించాడు.

"మీరే కూచోండి," అన్నాడు. "శిబిరం తెరవగానే ముందు వీడి కాళ్ళకి తాడు కట్టించండి. ఎంత పొడవుండాలో, ముడి ఎలా వెయ్యాలో నేను చూపిస్తా. నూలుదే ఉండాలి. నైలానుదైతే కోసుకుపోతుంది."

"వీడు తాడు కట్టించుకుంటాడా, ఈ వయసులో?"

"కట్టించుకుంటాడు."

తమ్ముడు కాదనలేదు. పెద్దకోచ్ లేచి వెల్డరు భుజం మీద చెయ్యి వేసి, ఆ చేతిని కాసేపు అక్కడే ఉంచి, రండి, వంటశాల మూసేస్తారు అన్నాడు.

భోజనాల గది సగం ఖాళీ అయింది. పొడవాటి బల్లలు, రేకు పళ్ళేలు. రొట్టె, ఉడికించిన గుడ్లు, కూరగాయలు, పలచటి పప్పునీళ్ళు. తమ్ముడు అన్నని కూర్చోమని తనే రెండు పళ్ళేలు తెచ్చాడు. పెద్దకోచ్ తన పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. కాసేపటికి గేటు వచ్చాడు, పక్కన ముసలి కోచ్‌తో. మిగతా బల్లలు అప్పటికే తుడిచేశారు. గేటు వీళ్ళ బల్ల దగ్గర ఆగి, అడుగుతున్నట్టు చెయ్యి చూపించాడు. తమ్ముడు పక్కకి జరిగి చోటిచ్చాడు. గేటు మెడలో పతకం తీసి, కోటు జేబులో వేసుకుని, కూర్చున్నాడు.

ఒకరి భాష ఒకరికి రాదు. తమ్ముడు మొదట ఒక్కొక్క ముక్కే నమిలాడు, ముడుచుకుపోయిన కడుపుకి మళ్ళీ నేర్పుతున్నట్టు. తర్వాత వేగం అందుకున్నాడు. గేటు కూడా అంతే. ఇద్దరి కనుబొమల మీదా పట్టీలున్నాయి. ముసలి కోచ్ ఉప్పు డబ్బా వెల్డరు ముందుకి జరిపాడు. వెల్డరు ఉప్పు చల్లుకుని దాన్ని పెద్దకోచ్ వైపు జరిపాడు.

తమ్ముడి పళ్ళెం ఖాళీ అయింది. వెల్డరు తన గుడ్డు ఒలిచి వాడి పళ్ళెంలో పెట్టాడు. రొట్టెలో సగం తుంచి అదీ పెట్టాడు. తమ్ముడు తల ఎత్తలేదు, వద్దనలేదు. తిన్నాడు. అందరూ తిన్నారు. గది అవతలి చివర ఒకావిడ కుర్చీలు ఒక్కొక్కటే ఎత్తి బల్లల మీద బోర్లిస్తోంది. వీళ్ళ బల్ల దాకా వచ్చి, వీళ్ళని చూసి, ఆ వరస అలాగే వదిలి పక్క వరసకి వెళ్ళింది.